బల్లెం దించిన జాలరికి తెలిసిన గంగ

గురుగ్రామ్ మురుగు కాలువల నీరు నజఫ్‌గఢ్ నాలాలో కలుస్తుంది. ఒకప్పుడు సాహిబీ నది పారిన దారి అది. ఆ నాలా ఢిల్లీలో వజీరాబాద్ బ్యారేజీకి దిగువన యమునలో పడుతుంది. అక్కడి నల్లటి నీటిని చూసినవారికి ఇందులో డాల్ఫిన్లు ఈదేవంటే నమ్మబుద్ధి కాదు. కానీ కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన జంతుశాస్త్రవేత్త జాన్ ఆండర్సన్ 1870ల చివర్లో రాసిన వివరాల ప్రకారం, గంగా డాల్ఫిన్ యమునలో ఢిల్లీ దాకా వచ్చేది. ఇప్పుడు యమునలో డాల్ఫిన్లు కనిపించేది ప్రధానంగా చంబల్ నది వచ్చి కలిసిన తర్వాతి దిగువ భాగంలోనే.

ఈ జంతువుకు, మనిషికి ఉన్న సంబంధం చాలా పాతది. ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లాలో అశోకుడి స్తంభం ఒకటుంది. నేటి హర్యానాలోని తోప్రా నుంచి దాన్ని 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ తెప్పించాడు. దాని మీది ఐదో శాసనం చంపకూడని ప్రాణుల పేర్లు చెబుతుంది. వాటిలో 'గంగాపుపుటక' ఒకటి. అది గంగా డాల్ఫినే అని చాలామంది పండితుల అభిప్రాయం. అదే నిజమైతే, రాజు వద్దనాల్సి వచ్చిందంటే అప్పటికే వేట ఉందన్నమాట.

ఆ వేట సులువైనది కాదు. గంగా డాల్ఫిన్ కంటిలో కటకం ఉండదు. అది శబ్దాలు చేసి, వాటి ప్రతిధ్వనుల ఆధారంగా దారి వెతుక్కుంటుంది. ఊపిరి కోసం పైకి వచ్చినప్పుడు వినిపించే చప్పుడు నుంచే హిందీలో దానికి 'సోంస్' అనే పేరు వచ్చిందంటారు. నీటి మీద కనిపించేది క్షణకాలమే. తాడు కట్టిన బల్లెంతో పడవ మీద నిలబడిన జాలరి, అది ఎక్కడ తేలుతుందో ముందే పసిగట్టాలి. నదులు కలిసే చోట్లు, మలుపుల్లోని మడుగులు, ఇసుక దిబ్బల వెనక ఎదురు సుడులు తిరిగే నీళ్లు. నేటి సర్వేలు డాల్ఫిన్ ఆవాసాలుగా గుర్తించే చోట్లు కూడా ఇవే.

మాంసం కన్నా చమురు కోసమే ఎక్కువగా చంపేవారు. కీళ్ల నొప్పులకు ఆ చమురు రాసుకునేవారు. జాలర్లకు మాత్రం అది పనిముట్టు. డాల్ఫిన్ శరీర భాగాలను మూటగా కట్టి పడవ పక్కన నీటిలో ఈడ్చేవారు. ముక్కలుగా కోసిన మాంసాన్ని చమురుతో కలిపి నీటి మీద చల్లేవారు. ఆ జిడ్డు వాసనకు గరువా, బచ్వా వంటి జెల్ల జాతి చేపలు పైకి చేరేవి. వాటిని ఎర కూడా అక్కర్లేని చిన్న గాలాలతో పట్టేవారు.

సముద్ర క్షీరదాల వేట అనగానే మనకు ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్‌లు గుర్తొస్తారు. మంచులో సీల్ ఊపిరి పీల్చే రంధ్రం దగ్గర వారు గంటల తరబడి కదలకుండా నిలబడతారు. వారి హార్పూన్ మొన జంతువు చర్మం కిందికి దిగాక, కాజాలో దూరిన గుండీలా అడ్డం తిరిగి బిగుసుకుంటుంది. తాడు చివర గాలి నింపిన సీల్ తోలు తిత్తి ఉంటుంది. చంపిన సీల్ నోట్లో మంచినీళ్లు పోయడం అక్కడి పాత ఆచారం. ఆ హార్పూన్‌ను మ్యూజియం అద్దాల పెట్టెలో చూసి మెచ్చుకునేవారే బీహార్ జాలరి బల్లేన్ని నేరానికి సాక్ష్యంగా మాత్రమే చూస్తారు. రెండింటి వెనకా ఉన్నది ఒకే రకం పరిశీలన.

ఆ పరిశీలన విలువ ఎంతో అలస్కాలో తేలింది. 1977లో అంతర్జాతీయ తిమింగలాల వేట కమిషన్, బోహెడ్ తిమింగలాలు బాగా తగ్గిపోయాయని స్థానిక ఇనుపియాట్ ప్రజల వేటను ఆపాలంది. తిమింగలాలు చాలా ఉన్నాయని, మంచు కింద నుంచి కూడా వెళ్తాయని, ఒడ్డు నుంచి లెక్కపెట్టేవారికి అవి కనబడవని వేటగాళ్లు వాదించారు. తర్వాత నీటి అడుగున మైకులు పెట్టి వింటే వారి మాటే నిజమైంది. 2011 లెక్కలో ఆ తిమింగలాలు 16 వేలు దాటాయి.

గంగలో కథ వేరు, సంఖ్యలూ వేరు. 2025 మార్చిలో విడుదలైన సర్వే ప్రకారం దేశంలోని నదీ డాల్ఫిన్లు 6,327 మాత్రమే. రెండు మూడేళ్లకు ఒక్క పిల్లను కనే జంతువు ఇది. కాబట్టి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం విధించిన నిషేధం సరైనదే, సడలించే ప్రసక్తే ఉండకూడదు. అయితే బల్లేన్ని ఆపిన చట్టం చమురు అవసరాన్ని ఆపలేదు. నైలాన్ వలలో చిక్కి చచ్చిన డాల్ఫిన్‌కు గిరాకీ ఉన్నంతకాలం, వలలో కొట్టుకుంటున్నదాన్ని విడిపించాలన్న ఆత్రం ఎవరికి ఉంటుంది?

ఈ ప్రశ్నను పట్టించుకున్నది పట్నా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆర్.కె. సిన్హా. చేపల వ్యర్థాల నుంచి తీసిన నూనె, డాల్ఫిన్ చమురులాగే చేపలను ఆకర్షిస్తుందని ఆయన పరిశోధన 2002లో ప్రచురితమైంది. బజారులో పారేసే పేగులు, తలలే ముడిసరుకు. ఉపన్యాసాల కన్నా ఇది మేలైన సంరక్షణ. జాలరి ఎందుకు వేటాడుతున్నాడో అడిగి తెలుసుకున్నాకే ఇలాంటి ఆలోచన పుడుతుంది.

2020లో ప్రకటించిన 'ప్రాజెక్ట్ డాల్ఫిన్' ఈ దారిలోనే ముందుకు వెళ్లాలి. ఇప్పుడు డాల్ఫిన్లకు పెద్ద ప్రమాదం బల్లెం నుంచి కాదు. బ్యారేజీలు, తగ్గిన ప్రవాహం, వలలు, నజఫ్‌గఢ్ లాంటి నాలాలు. ఏ మడుగు ఎప్పుడు పూడిపోయింది, ఏ బ్యారేజీ కట్టాక సోంస్ రావడం మానేసింది, ఏ నెలలో తల్లీపిల్లా కలిసి కనిపించేవి అన్నది ఉపగ్రహ చిత్రాల్లో దొరకదు. బల్లెం పట్టిన తరం వృద్ధుల దగ్గర దొరుకుతుంది. నేరం ఒప్పించే విచారణలా కాకుండా, శిక్ష భయం లేకుండా వారితో మాట్లాడించి రాసుకోవాలి. నిఘా పడవల్లో జీతం మీద మొదట కూర్చోబెట్టాల్సిందీ వారినే. చేపనూనె తయారీని ఘాట్ల దగ్గరి సహకార సంఘాల చేతికి ఇవ్వాలి. గాలాలు వేసే చోట ఆ సీసా అందకపోతే, పాత చమురు కోసమే వెతుకులాట మొదలవుతుంది.