పడని జెండా: ఎవరి తప్పు ఎంత?

ఎక్కడన్న అన్యాయం జరిగిందని ఎవరన్న లొల్లి పెడితె, ముందుగాల ఇనొచ్చే మాట ఒకటుంటది. "అదంత సరే గని, నువ్వు సక్కగ ఆడినవా?" ఆటలల్లనే కాదు, అన్ని చోట్ల ఇదే మాట. గీ మాటల నిజం ఎంత, తప్పించుకునుడు ఎంత అనేది తేల్చుకోవాల్నంటె అమెరికాల జరిగిన ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ముచ్చట జూడాలె. 2019 జనవరి 20న న్యూ ఓర్లీన్స్ పట్నంల జరిగిందది. ఇన్నేండ్లైనా అక్కడి అభిమానులల్ల ఆ పంచాయితి తెగలే.

అక్కడి ఫుట్‌బాల్ మనకు ఎరుకైన, కాళ్లతోని తన్నే ఆట కాదు. కోడిగుడ్డు లెక్క ఉండే బంతిని చేతులతోని విసురుకుంట, పట్టుకోని ఉరుక్కుంట, ఎదుటోళ్ల కొస దాక కొంచవోవాలె. నాలుగు ప్రయత్నాలల్ల పది గజాలు దాటకుంటె బంతి ఎదుటోళ్లకు పోతది. కొస దాక పోతె టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. దూరంకెల్లి గోలు కర్రల నడుమకు తంతె ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు. బంతి ఎటు విసరాలె, ఎవరికియ్యాలె అనేది క్వార్టర్‌బ్యాక్ చేతుల ఉంటది. బంతి పట్టబోయేటోన్ని, అది రాకముందుకే గుద్దితె తప్పు. దాన్ని పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అంటరు. గప్పుడు రెఫరీ పసుపు జెండా నేలకు విసురుతడు.

ఇగ ఆ రోజు సంగతి. ఒక దిక్కు న్యూ ఓర్లీన్స్ సెయింట్స్, ఇంకో దిక్కు లాస్ ఏంజెలిస్ ర్యామ్స్. గెలిచినోళ్లు సూపర్ బౌల్‌కు, అంటె ఫైనల్‌కు పోతరు. స్కోరు 20–20. ఇంక రెండు నిమిషాలు కూడ లేవు. సెయింట్స్ ఎదుటోళ్ల 13 గజాల గీత కాడికి వచ్చిన్రు. మూడో ప్రయత్నంల క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్, మైదానం అంచుకు ఉరుకుతున్న టామీలీ లూయిస్‌కు బంతి విసిరిండు. ర్యామ్స్ ఆటగాడు నికెల్ రోబీ-కోల్మన్ బంతి రాకముందుకే లూయిస్‌ను గుద్ది పడేసిండు. స్టేడియం మొత్తం చూసింది, టీవీల ముందల దేశం మొత్తం చూసింది. జెండా మాత్రం పడలే.

జెండా పడితె సెయింట్స్‌కు బంతి మల్ల దక్కేది. గడియారాన్ని దాదాపు ఖాళీ చేసి, ఆఖరికి దగ్గరకెల్లి ఒక్క తన్ను తన్ని ఫైనల్‌కు పోయేటోళ్లు. పడలేదు కాబట్టి అప్పుడే ఫీల్డ్ గోల్ కొట్టి 23–20 చేసిన్రు. ర్యామ్స్ చేతుల ఇంక 1 నిమిషం 41 సెకండ్లు మిగిలినయ్. వాళ్లు ఉరికొచ్చి 48 గజాలకెల్లి తన్ని సమం చేసిన్రు. అదనపు ఆటల బంతి ముందుగాల సెయింట్స్‌కే వచ్చింది. బ్రీస్ విసురుతుంటె డాంటె ఫౌలర్ మీద పడ్డడు. బంతి గాలిల తేలి ర్యామ్స్ ఆటగాని చేతులల్ల పడ్డది. ఎన్క గ్రెగ్ జ్యూర్లైన్ 57 గజాలకెల్లి తన్నిండు. 26–23. ఆట ఖతం.

ఇక్కడికెల్లి అభిమానులు రెండు పార్టీలైన్రు.

ఒక పార్టీ అన్నది: దోచుకున్నరు. ఇంకో పార్టీ అన్నది: జెండా సంగతి పక్కకు పెట్టుండ్రి, బ్రీస్ ఆటను జూడుండ్రి. మొదటి క్వార్టర్‌ల 13–0 తోని ముందున్నోళ్లు ఎందుకు ఎనుకకు వచ్చిన్రు? ఆ 13 గజాల కాడ మొదటి ప్రయత్నంలనే పాస్ ఎందుకేసిన్రు? అది ఎవరికీ అందలే, గడియారం ఆగింది. బంతి పట్టుకోని ఉరికుంటె గడియారమన్న తిరిగేది, లేదంటె ర్యామ్స్ దగ్గరున్న టైమ్-అవుట్ అన్న ఖర్చయ్యేది. ఆ ఆలోచనకు కొందరు కోచ్ షాన్ పేటన్‌ను తిట్టిన్రు, కొందరు బ్రీస్‌ను. అదనపు ఆటల బంతి పోగొట్టింది మాత్రం బ్రీసే. ఆ మ్యాచ్‌కు అయిదు రోజుల ముందే ఆయనకు 40 ఏండ్లు నిండినయ్. చెయ్యి మునుపటి లెక్క లేదన్న మాట గూడ లేసింది.

ర్యామ్స్ అభిమానులు కూడ ఊకోలే. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ గోల్ గీత కాడికి ఉరుకుతుంటె, హెల్మెట్ ముందలి కడ్డీలు పట్టి గుంజిన్రు. అది కూడ తప్పే, దానికి కూడ జెండా పడలే. ఆ మాటల న్యాయం ఉన్నది. రెఫరీల కన్ను ఒక్క దిక్కే మూసుకోలేదు.

మరి ఎవరు కరెక్టు? నన్నడిగితె రెండు మాటలూ నిజమే. కాని రెండింటినీ ఒక్క తక్కెడల పెట్టుడే తప్పు.

ఆటగాని తప్పుకు శిక్ష ఆటలనే ఉంటది. బ్రీస్ బంతి పోగొట్టిండు, ఆ మరుక్షణమే మూల్యం కట్టిండు. ఓడిపోయిండు. అది ఆట ధర్మం. మరి నియమం కాపాడాల్సినోడు తప్పు చేస్తె మూల్యం ఎవరు కట్టాలె? మ్యాచ్ అయినంక లీగ్ రెఫరీల పెద్ద, పేటన్‌తోని ఫోన్‌ల తప్పు ఒప్పుకున్నడు. గుద్దిన ఆటగాడు కూడ బంతి కంటె ముందే పోయిన్నని ఒప్పుకున్నడు. హెల్మెట్‌కు హెల్మెట్ తాకిందని ఆయనకు 26,739 డాలర్ల జుర్మానా పడ్డది. కమిషనర్ రోజర్ గుడెల్ బహిరంగంగ నోరు తెరిసేటాలకు పది రోజులైంది. తప్పు చేసినోళ్లంత తప్పేనన్నరు, ఫలితం మాత్రం ఇంచు కదలలే.

జనం కోర్టుకు పోయిన్రు. అన్యాయం మరీ ఎక్కువైతె కమిషనర్ కలగజేసుకోవచ్చని లీగ్ పుస్తకంల ఒక నియమం ఉన్నది. కాని రెఫరీల అంచనా తప్పులు దాని కిందికి రావని అదే నియమం అంటది. టికెట్లు కొన్న అభిమానులు ఏసిన కేసు ఫెడరల్ కోర్టుల నిలవడలే. ఇంకో కేసుల కింది కోర్టు జడ్జి, కమిషనర్‌ను ప్రమాణం మీద ప్రశ్నించొచ్చు అన్నది. 2019 సెప్టెంబర్‌ల లూసియానా సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. సూపర్ బౌల్ నాడు న్యూ ఓర్లీన్స్‌ల మస్తు మంది టీవీ బంద్ పెట్టి వీధులల్ల పండుగ చేసుకున్నరు. తెల్లారి అక్కడి పత్రిక మొదటి పేజీని దాదాపు ఖాళీగ అచ్చేసింది.

ఒక ఆటకు ఇంత కోపమా అని అడుగొచ్చు. ఆ స్టేడియం, సూపర్‌డోమ్, ప్రభుత్వానిది. 2005ల కత్రీనా తుఫాను వచ్చినప్పుడు ఇండ్లు మునిగిన వేల మంది తలదాచుకున్న చోటది. ప్రజల పైసలతోని బాగు చేసి 2006ల మల్ల తెరిసిన్రు. అదే ఏడు బ్రీస్ ఆ ఊరికి వచ్చిండు. తెరుస్తందుకు, బాగు చేస్తందుకు జనం పైసలు కావాలె, న్యాయం అడిగితె మాత్రం అది ప్రైవేటు లీగ్ లోపలి సంగతి. కోపం అక్కడ పుట్టింది.

ఆ కోపం ఉట్టిగ పోలేదు. 2019 మార్చిల టీముల ఓనర్లు 31–1 ఓట్లతోని కొత్త నియమం తెచ్చిన్రు. జెండా పడకున్నా, వీడియో చూసి పాస్ ఇంటర్‌ఫియరెన్స్ ఇయ్యొచ్చని. కాని ఒక్క ఏడాదికే. ఆ ఏడు వీడియో చూసినంక కూడ మైదానంల చెప్పింది మార్చుడు అరుదే అయింది. 2020 జనవరిల మల్ల సెయింట్స్ మ్యాచ్, మల్ల సూపర్‌డోమ్, మల్ల అదనపు ఆట. మినెసోటా వైకింగ్స్ ఆటగాడు కైల్ రుడాల్ఫ్ ముందలున్నోన్ని చేత్తోని నూకి ఆఖరి టచ్‌డౌన్ పట్టిండని అభిమానులు అన్నరు. నియమం చేతులల్లనే ఉన్నది, ఫలితం మాత్రం మారలే. 26–20తోని సెయింట్స్ ఇంటికి. ఆ మ్యాచ్‌ల కూడ ఆఖరి నిమిషాలల్ల బ్రీస్ చేతులకెల్లి బంతి జారింది! అంటె మల్ల అదే రెండు పార్టీల కొట్లాట. తర్వాత లీగ్ ఆ నియమాన్ని సప్పుడు లేకుంట ఎత్తేసింది.

మన దగ్గరి ముచ్చటతోని పోల్చుకుందాం. అదే 2019 మార్చిల ఐపీఎల్. బెంగళూరుకు ఆఖరి బంతికి 7 పరుగులు కావాలె. ముంబై మలింగ కాలు గీత దాటింది, అంపైర్ సూడలే. ముంబై 6 పరుగులతోని గెలిచింది. 2020కెల్లి కాలి నో-బాల్ జూసే పని థర్డ్ అంపైర్‌కు అప్పజెప్పిన్రు. అది నిలవడ్డది. ఎందుకంటె గీత దాటుడు కెమెరాకు కొట్టొచ్చినట్టు కనవడతది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ల మనిషి అంచనా ఉంటది, గందుకే కష్టం. కష్టమని ఒక్క ఏడాదికే చేతులెత్తేసుడు మాత్రం బాధ్యత కాదు.

ఇంకో సంగతి. జెండా ఎయ్యని రెఫరీని బూతులు తిట్టుడు అల్కటి పని. కాని 2012ల ఇదే లీగ్ పెన్షన్ కాడ పంచాయితి పెట్టుకోని అనుభవమున్న రెఫరీలను గేటు బయట నిలవెట్టింది. అనుభవం లేనోళ్లతోని మ్యాచులు నడిపించింది. సెప్టెంబర్ 24న సియాటిల్‌ల, ఆఖరి బంతికి ఎవరు పట్టిన్రో తేల్చలేక ఒక రెఫరీ ఒక సైగ చేసిండు, పక్కోడు ఇంకో సైగ చేసిండు. గ్రీన్ బే ఓడిపోయింది. దేశమంత నవ్వింది. రెండు రోజులల్లనే పాత రెఫరీలతోని ఒప్పందం అయింది. అంటె కాపలోనికి ఇయ్యాల్సింది ఇయ్యకుంటె కాపల ఎట్ల ఉంటదో ఆ లీగ్‌కు ఎరుకే. మైదానంల రెఫరీ ఒక్కడే కనవడతడు, ఏర్పాటు చేసిన ఓనర్లు అద్దాల గదులల్ల కూసుంటరు.

సెయింట్స్ అభిమానులల్ల కొందరిది కూడ తప్పున్నది. లాస్ ఏంజెలిస్ పెద్ద మార్కెట్, గందుకే లీగే కుట్ర చేసిందన్నరు. రుజువు లేదు. రుజువు లేని మాట మాట్లాడితె రుజువున్న మాట కూడ పలుచనైతది. వీడియోల కనవడే ఒక్క తప్పు సాలదా? దాని మీద కుట్ర కత పెంచితె సంబురపడేది లీగే.

2021 జనవరిల టంపా బే చేతుల సెయింట్స్ 30–20తోని ఓడిపోయిన్రు. బ్రీస్ మూడు బంతులు ఎదుటోళ్లకు ఇచ్చిండు. అదే ఆయన ఆఖరి మ్యాచ్. ఆ ఓటమికి జెండా సాకు దొరకదు, ఎతుకవద్దు గూడ. 2019 ఓటమికి జెండా కారణం ఉన్నది, దాన్ని బ్రీస్ చెయ్యి చాటున దాచవద్దు.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, "నువ్వు సక్కగ ఆడినవా" అని ఎవరన్న అడిగితె జవాబియ్యుండ్రి. ఆడనిది ఆడలేదనే ఒప్పుకోండ్రి. ఒప్పుకున్నంక మన ప్రశ్న మనం మల్ల అడగాలె: జెండా ఎందుకు ఎయ్యలే? మొదటి జవాబు ఇచ్చినమని రెండో ప్రశ్న ఇడిసిపెట్టేది లేదు.