భాగస్వామ్య బడ్జెట్‌లో బస్తీల వాటా ఎంత?

నగర బడ్జెట్‌లో కొంత సొమ్మును ఏ పనులకు వెచ్చించాలో పౌరులే సూచించే విధానాన్ని పుణె నగరపాలక సంస్థ 2006లో ప్రారంభించింది. తన ప్రాంతానికి కావలసిన పనిని పౌరుడు దరఖాస్తులో రాసి వార్డు కార్యాలయానికి అందజేస్తే, అధికారులు అంచనాలు వేస్తారు. వార్డు స్థాయి సమితి ఎంపిక చేస్తుంది. ఒక్కో పనికి రూ. 5 లక్షల పరిమితి విధించారు.

చూడటానికి ఇది అందరికీ సమాన అవకాశమే. ఆ పరిమితిలో ఇమిడే పనులేమిటో గమనిస్తే అసలు చిక్కు బయటపడుతుంది. కాలిబాట మరమ్మతు, ఉద్యానవనంలో బల్లలు, వీధిదీపాలు ఇముడుతాయి. ఇవి మంచినీరు, మురుగు కాలువ ఇప్పటికే ఉన్న కాలనీల కోరికలు. ప్రధాన కాలువకు ఆమడ దూరంలో ఉన్న బస్తీ అవసరం అంత స్వల్ప మొత్తంతో తీరదు. స్థలంపై హక్కు పత్రం లేనిచోట పని చేపట్టడానికి అధికారులు వెనుకాడతారు. పైగా దినకూలీ పగటిపూట కార్యాలయానికి రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవలసిందే. ఆ దరఖాస్తు ఖరీదు కాలనీవాసికి ఒకటి, కూలీకి మరొకటి.

ఈ విధానానికి పుట్టినిల్లయిన బ్రెజిల్ నగరం పోర్టో అలెగ్రే 1989లో వేరే దారి పట్టింది. ప్రాంతాలకు నిధులు పంచేటప్పుడు జనాభాతో పాటు సౌకర్యాల కొరతనూ లెక్కలోకి తీసుకున్నారు. కొరత ఎక్కువైతే వాటా ఎక్కువ. వస్తే ఫలితం ఉంటుందని తెలిశాకే పేదలు సభలకు తరలివచ్చారు. తర్వాతి పాలకులు ఆ ప్రక్రియను నీరుగార్చారన్నది వేరే కథ.

మన దేశంలో ఇందుకు దగ్గరగా వచ్చింది కేరళ. 1996లో ఆరంభమైన ప్రజా ప్రణాళికలో స్థానిక సంస్థల ప్రణాళికా నిధుల్లో 10 శాతం మహిళలకు ప్రత్యేకించారు. ఎస్సీ, ఎస్టీలకు ఉప ప్రణాళికలు వేరుగా ఉన్నాయి. సభలో ఎవరి గొంతు బిగ్గరగా వినిపించినా ఆ వాటా చెక్కుచెదరదు.

3 లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ నిర్దేశించింది. తెలంగాణ 2019 పురపాలక చట్టం యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖుల పేరిట వార్డుకు నాలుగు కమిటీలను ఏర్పాటు చేసింది. బస్తీవాసుల కోసం అయిదో కమిటీ అందులో లేదు.