అడవి లెక్కలో ఊరి మాట

జూన్ 5 వస్తే మన బడుల్లో మొక్కలు నాటిస్తాం, చెట్టు మీద వ్యాసాలు రాయిస్తాం. అది జరగాల్సిందే. అయితే చెట్టు ఇప్పుడు పాఠంలోనే కాదు, బజారులోనూ ఉంది. అడవిని నరక్కుండా కాపాడితే, లేదా బీడులో చెట్లు పెంచితే, గాలిలో చేరకుండా ఆగిన ఒక్కో టన్ను బొగ్గుపులుసు వాయువుకు ఒక్కో కార్బన్ క్రెడిట్ లెక్కగడతారు. దాన్ని ఎక్కడో ఒక కంపెనీ కొని, తన పొగకు చెల్లు రాసుకుంటుంది. అడవిని నరికితేనే డబ్బు అన్న స్థితి పోయి, నిలబెట్టినా డబ్బు రావాలన్నది దీని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని మేము తప్పుపట్టం. దాని వెంట వచ్చిన ఫలితాలు మాత్రం ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ తెలియాలి.

మొదటి చిక్కు లెక్కలోనే ఉంది. ‘ఈ పథకం లేకపోతే ఎంత అడవి పోయేది’ అన్న అంచనా మీద క్రెడిట్లు ఇస్తారు. నష్టాన్ని ఎంత పెద్దదిగా ఊహిస్తే క్రెడిట్లు అంత ఎక్కువ. జింబాబ్వేలో 2011లో మొదలైన కరీబా పథకానికి ఇలాంటి అంచనాలే మచ్చ తెచ్చాయి. క్రెడిట్లు అతిగా జారీ అయ్యాయన్న విమర్శల మధ్య, వాటిని అమ్మిన స్విట్జర్లాండ్ సంస్థ సౌత్ పోల్ 2023 అక్టోబరులో తప్పుకుంది. ఈలోగా కొన్నవారి పొగ మాత్రం నిజంగానే గాలిలో కలిసింది.

రెండో చిక్కు మనుషులది. కంబోడియాలోని కార్డమమ్ కొండల్లో దాదాపు 5 లక్షల హెక్టార్లలో ఇలాంటి పథకమే ఉంది. అక్కడ తరతరాలుగా ఉంటున్న చోంగ్ ఆదివాసులను సంప్రదించకుండానే అది రెండేళ్లకు పైగా నడిచిందని, సాగు చేసుకున్నవారిని వెళ్లగొట్టారని, కొందరిని అరెస్టు చేశారని 2024 ఫిబ్రవరిలో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదించింది. పథకం నడిపే సంస్థ ఆరోపణలను ఒప్పుకోలేదు. క్రెడిట్లను ధ్రువీకరించే వెర్రా 2023లో జారీ ఆపి, విచారణ తర్వాత 2024లో మళ్లీ అనుమతించింది. వివాదం ఇంత దూరం వచ్చాక విచారించడం కన్నా, మొదటి రోజే ఊరిని కూర్చోబెట్టి అడగడం తేలిక, న్యాయం కూడా.

ఇది మనకు దూరపు కథ కాదు. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు పెద్దవారిని అడగండి. కార్బన్ క్రెడిట్ అన్న మాట పుట్టకముందే, 1980ల ప్రాంతంలో సామాజిక అడవుల పేరుతో రాగి పండే పొలాల్లోకి నీలగిరి వచ్చింది. కాగితాల్లో పచ్చదనం పెరిగింది. పశువులు ముట్టని ఆకు, కూలి పనులు తగ్గిన పొలం, నీరు అడుగంటుతోందన్న రైతుల గోడు ఆ కాగితాల్లోకి ఎక్కలేదు. చివరికి 2017లో కర్ణాటక ప్రభుత్వమే కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది.

2023 అక్టోబరులో కేంద్రం గ్రీన్ క్రెడిట్ నిబంధనలు తెచ్చింది. ఇవి కార్బన్ క్రెడిట్లు కావు. అయినా క్షీణించిన అటవీభూమిలో చెట్లు పెంచడానికి డబ్బు పెట్టిన కంపెనీలకు ఇక్కడా క్రెడిట్లు వస్తాయి. ఆఫీసు కాగితంలో ‘క్షీణించిన భూమి’ అన్నది ఊరివాళ్లకు పశువుల మేత, వంటచెరకు, తునికాకు. అలాంటి సామూహిక హక్కులను 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. రాయగడ పాఠకులకు 2013 గుర్తుండే ఉంటుంది. సుప్రీంకోర్టు తీర్పు మేరకు నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోందులు తమ కువి భాషలోనే మాట్లాడారు. బాక్సైట్ గని వద్దని 12 సభలూ తేల్చాయి. గని తవ్వడానికి ఊరిని అడగాలంటే, ఊరి అడవిని క్రెడిట్ల ఖాతాలో వేయడానికి అడగక్కర్లేదా?

అడిగే భాష ఎంత ముఖ్యమో మనకు వేరే చెప్పాలా? ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరో భాష. అర్థంకాని ఫారం మీద సంతకం పెట్టేముందు ఎవరితోనైనా చదివించుకునే తల్లులు మన మధ్య ఇప్పటికీ ఉన్నారు. ఏళ్ల తరబడి అడవిని కట్టిపడేసే ఒప్పందం తెలియని భాషలో ముందుకొస్తే, దాని మీద వేలిముద్ర సమ్మతి ఎలా అవుతుంది?

అందుకే ఉపాధ్యాయులకు మా విన్నపం. మొక్క నాటించండి, దాంతోపాటు నాలుగు ప్రశ్నలూ నేర్పండి. ఈ నేలను ఇప్పుడు ఎవరు వాడుకుంటున్నారు? ఏ చెట్టు నాటుతున్నారు, ఎందుకు? ఊరిని ఏ భాషలో అడిగారు? వచ్చే డబ్బు ఎవరికి చేరుతుంది? తల్లిదండ్రులూ, మీ ఊరికి ఎవరైనా చెట్ల పథకం కాగితం తెస్తే, తెలుగులో రాసిమ్మనండి, అందరి ముందూ చదివించండి. పక్కనే కువి, సవర మాట్లాడే కుటుంబాలుంటే వారికి వారి భాషలో చెప్పించమని కూడా మనమే అడగాలి. మన భాషకు హక్కు కోరే మనం, వారి భాషకు ఆ హక్కు అడగకపోతే మన కోరికకు బలం ఉండదు.