ద్రాక్షారామానికి టిక్కెట్టు ఎంత?

ఈ ప్రశ్న అడిగితే ద్రాక్షారామంలో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. భీమేశ్వరస్వామి గుళ్ళోకి వెళ్ళడానికి టిక్కెట్టేమిటి? ప్రత్యేక దర్శనానికీ, అభిషేకానికీ దేవస్థానంవారి టిక్కెట్లు ఉన్నాయిగాని, ధర్మదర్శనానికి పైసా ఇవ్వనక్కరలేదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమే అయినా ఆ శాఖవారు గుమ్మం దగ్గర టిక్కెట్లు అమ్మడం లేదు. వెయ్యేళ్ళ నాటి క్షేత్రం, రెండంతస్తుల గర్భాలయం, వందల కొద్దీ శాసనాలు – అన్నీ ఊరకే.

ఊరకే దొరికాయి కనుకనే వాటిని ఊరకే చూసి వచ్చేస్తున్నామన్నది నా ఫిర్యాదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదని పెద్దవాళ్ళు అననే అన్నారు.

మన కాలేజీల విహారయాత్రల తీరు అందరికీ తెలిసిందే. తెల్లవారుజామున బయలుదేరవలసిన బస్సు ఎనిమిదింటికి కదులుతుంది. దారిలో టిఫిను, పాటలు, అంత్యాక్షరి. ద్రాక్షారామం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికి గుడి మూసే వేళ దగ్గర పడుతుంది. పరుగున దర్శనం, ప్రసాదం, ధ్వజస్తంభం దగ్గర ఒక గ్రూపు ఫొటో. "ఇంకేముంది చూడ్డానికి, పదండర్రా" అని ఎవరో అంటారు. బస్సు కోటిపల్లి రేవుకో, యానాం వైపుకో తిరుగుతుంది. మర్నాడు క్లాసులో లెక్చరరుగారు "ఏం చూశారు?" అని అడిగితే, "గుడి బాగుందండీ" అన్నదే జవాబు.

కార్తీకమాసంలో అయితే చెప్పనే అక్కరలేదు. అమరావతి, భీమవరం దగ్గర గునుపూడి, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట – పంచారామాలు అయిదూ ఒక్క రోజులో చూపించి తీసుకువచ్చే ప్రత్యేక బస్సులు ఆర్టీసీ వారే నడుపుతారు. భక్తుల మొక్కు భక్తులది, దాన్ని తప్పు పట్టే హక్కు మనకు లేదు. కాని చరిత్రో, సాహిత్యమో, శిల్పమో చదువుకుంటున్నామని చెప్పుకునే మనం కూడా అదే లెక్కన అయిదు గుళ్ళని ఒక రోజుతో భాగించి తృప్తి పడితే ఎట్లా?

ఇప్పుడు దూరపుకొండ సంగతి చూద్దాం. ఉద్యోగాలకనీ, పై చదువులకనీ విదేశాలకు వెళ్ళిన మన పూర్వవిద్యార్థుల్లో గ్రీసుదేశం చూసి వచ్చేవాళ్ళు ఇవాళ తక్కువేం కాదు. ఏథెన్సు నగరంలో ఎక్రోపొలిస్ అని ఒక కొండ. దాని మీద క్రీస్తుపూర్వం 447లో మొదలుపెట్టి కట్టిన పార్థినాన్ అనే గుడి. ఆ కొండ ఎక్కాలంటే టిక్కెట్టు కొనాలి. 2023 సెప్టెంబరు నుంచి రోజుకు 20,000 మందికి మించి పైకి వెళ్ళనివ్వకుండా, ఏ గంటకు ఎంతమందో లెక్క కట్టి మరీ టిక్కెట్లు ఇస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఒక్కో టిక్కెట్టు 30 యూరోలు, అంటే మన డబ్బులో సుమారు మూడు వేల రూపాయలు. అందుచేత వెళ్ళేవాళ్ళు నెలల ముందే రోజూ గంటా నిర్ణయించుకుంటారు. అంత ఖర్చు పెట్టాం గదా అని ముందుగా నాలుగు పేజీలు చదువుకుంటారు. పొద్దున్నే వెళ్ళాలా, ఎండ తగ్గాక వెళ్ళాలా అని ఆరా తీస్తారు. కొండ దిగి వచ్చి, ఏ స్తంభం ఏ పద్ధతిలో చెక్కారో మనకు చెబుతారు.

అదే మనిషి సెలవులకు ఇంటికి వచ్చి ద్రాక్షారామం వెళితే అరగంటలో బయటికి వచ్చేస్తాడు! దూరపుకొండలు నునుపు అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమైంది. తేడా గుళ్ళో లేదు, వెళ్ళే ముందు మనం చేసుకున్న ఏర్పాటులో ఉంది.

ఇంతకీ ద్రాక్షారామంలో చూడవలసినది అంత ఉందా? ఉంది. తూర్పు చాళుక్యుల కాలం నుంచీ వెలుగుతున్న క్షేత్రమది. అక్కడి లింగం నేలమీద మొదలై పై అంతస్తులోకి లేస్తుంది. కింద నిలబడి చూస్తే ఒక భాగం, మెట్లెక్కి వెళితే అభిషేకం జరిగే పై భాగం. రెండూ చూస్తేనే ఆ గర్భాలయాన్ని అట్లా ఎందుకు లేపవలసి వచ్చిందో కట్టినవాడి ఆలోచన మనకు పట్టుబడుతుంది. ఇదే తరహా రెండంతస్తుల గుడి సామర్లకోటలో ఉంది. రెండింటినీ పోల్చి చూడడమే ఒక పాఠం. పక్కన మాణిక్యాంబ సన్నిధి, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. బయట సప్తగోదావరి కుండం. త్రిలింగదేశం అన్న మాటకు చెప్పే మూడు లింగాల్లో శ్రీశైలం, కాళేశ్వరాలతోబాటు ఇదీ ఒకటి. మన భాష పేరునే ఈ గుడితో ముడిపెట్టి చెప్పుకుంటూ వచ్చారన్నమాట. శ్రీనాథుడు ఈ ఊరి స్వామి మీదనే భీమేశ్వరపురాణం రాసి బెండపూడి అన్నయమంత్రికి అంకితమిచ్చాడు.

వీటన్నిటినీ మించినవి గోడలమీదా స్తంభాలమీదా ఉన్న శాసనాలు. దక్షిణభారత శాసనాల నాలుగో సంపుటం 1923లో వెలువడింది. అందులో ఒక్క ద్రాక్షారామం శాసనాలే మూడువందలకు పైగా ఉన్నాయి. తెలుగులోనూ, సంస్కృతంలోనూ, తమిళంలోనూ ఉన్నాయి. నన్నయగారికి భారతం తెలుగు చెయ్యమన్న రాజరాజనరేంద్రుని కొడుకే 1070లో చోళసింహాసనం ఎక్కిన కులోత్తుంగచోళుడు. ఆయన పాలనాకాలపు శాసనాలు ఇక్కడ ఎన్నో. ఆ తరువాత వెలనాటి చోడులు, కాకతీయులు, రెడ్డిరాజులు – ఆంధ్రదేశ చరిత్ర పాఠ్యపుస్తకంలో మనం కంఠతా పట్టే పేర్లన్నీ అక్కడ రాతిమీద వరసగా నిలబడి ఉన్నాయి.

రాజులే కాదు. రాణులు, ఉద్యోగుల భార్యలు, వర్తకులు, గుడిసానులు కూడా దానాలు చేసి తమ పేర్లు చెక్కించుకున్నారు. ఆ దానాల్లో మాటిమాటికీ కనిపించేది అఖండదీపం. ఒక దీపానికి యాభై జీవాల చొప్పున ఇస్తారు. ఆ మందను ఒక కాపరి చేపట్టి, తానూ తన కొడుకులూ మనుమలూ తరతరాలుగా రోజుకో మానెడు నెయ్యి గుడికి పోస్తామని ఒప్పుకుంటారు. ఎంతకాలం? ఆచంద్రార్కం. మంద పెరుగుతూ ఉంటుంది, దీపం వెలుగుతూ ఉంటుంది. ఇది భక్తే కాదు, పక్కా అర్థశాస్త్రం. మన కామర్సు విద్యార్థులు శాశ్వతనిధి అని చదువుకునేది ఇదే గదా! పార్థినాన్ కట్టడానికి అయిన ఖర్చుల లెక్కలు కూడా ఏథెన్సువాళ్ళు రాతిమీద చెక్కించారు. వాళ్ళ లెక్కలు గొప్ప అని మనం పుస్తకాల్లో చదువుతాం. మన లెక్కలకు వీపు ఆనించి ఫొటో దిగుతాం.

ఈ మాటలు విన్న ఒక మిత్రుడు చటుక్కున అన్నాడు – "అయితే ఇక్కడా టిక్కెట్టు పెడితే సరి! డబ్బిస్తేగాని మనవాళ్ళకు విలువ తెలీదు." ఈ వాదనలో కొంత బలముంది. 2018లో పురావస్తు శాఖ సవరించిన రేట్లలో తరగతినిబట్టి భారతీయులకు 25 లేక 40 రూపాయలు, విదేశీయులకు 300 లేక 600 పెట్టారు. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి బౌద్ధగుహలు చూడ్డానికి టిక్కెట్టు కొనే లోపలికి వెళతాం. అక్కడ లేని అభ్యంతరం ఇక్కడెందుకు?

ఎందుకంటే గుంటుపల్లిలో ఇవాళ భిక్షువులు లేరు. పార్థినాన్‌లో పూజారి లేడు. అది మధ్యలో చర్చి అయింది, మసీదు అయింది, 1687 యుద్ధంలో ఫిరంగిగుండు తగిలి బద్దలయింది, ఇప్పుడు చూసే వస్తువుగా మిగిలింది. ద్రాక్షారామం అట్లా కాదు. పొలం పనికి పోతూ ఒక దణ్ణం పెట్టుకునే ఆడమనిషికి అది స్మారకచిహ్నం కాదు, రోజూ వచ్చే గుడి. పైగా ఆ గుమ్మం అందరికీ తెరుచుకుని ఎన్నో ఏళ్ళు కాలేదు. మద్రాసు రాష్ట్ర ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. వందల ఏళ్ళు కులం పేరుతో కొందరిని ఆపిన గుమ్మం దగ్గర ఇప్పుడు రూపాయి పేరుతో ఆపడం న్యాయం కాదు. డబ్బిచ్చినవాడు ముందు, ఇవ్వలేనివాడు వెనక అన్న వరస ప్రత్యేక దర్శనం రూపంలో ఇప్పటికే ఉంది. దాన్ని ఇంకా పెంచమని విద్యార్థులమైన మనం అడగకూడదు.

అయితే టిక్కెట్టు అనే కాగితంలో రెండు సంగతులున్నాయి. ఒకటి ధర, రెండోది వేళ. ఏథెన్సునుంచి మనం నేర్చుకోవలసింది రెండోదాన్ని. ధర లేకుండా వేళ ఇవ్వవచ్చు. తిరుపతిలో సర్వదర్శనానికి వేళ వేసిన టోకెన్లు ఉచితంగా ఇస్తున్నది చూస్తూనే ఉన్నాం. కార్తీక సోమవారాల్లో, శివరాత్రినాడు, 2027లో రాబోయే గోదావరి పుష్కరాల రోజుల్లో ద్రాక్షారామంలోనూ అటువంటి ఏర్పాటు ఉండాలి. జనాన్ని లెక్క లేకుండా ఒకే గుమ్మం మీదికి వదిలితే ఏమవుతుందో 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరఘాట్‌లో చూశాం. పాతికమందికి పైగా తొక్కిసలాటలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. లోపలికి ఎంతమంది, ఏ గంటకు అన్న లెక్క దర్జాకోసం కాదు, మనుషుల ప్రాణాలకోసం. ముసలివాళ్ళు ఎండలో నాలుగు గంటలు నిలబడకుండా చెట్టుకింద కూర్చుని తమ వేళకు వెళ్ళగలిగితే స్వామికి వచ్చే లోటేమీ లేదు.

ఇక మన సంగతి. విద్యార్థి సంఘం వచ్చే ఏడాది విహారయాత్రకు ఒక పద్ధతి పెట్టుకోవాలని నా సూచన. ఒకటి, ద్రాక్షారామానికి ఒక పూట కేటాయించాలి, పూర్తి పూట. కార్తీకమూ శివరాత్రీ వద్దు. మార్గశిర పుష్యాల్లో మామూలు పనిరోజు చూసుకోవాలి. గుడి తెరిచే వేళకే అక్కడ ఉండాలి. మధ్యాహ్నం మూస్తారు గనక వేళలు ముందే కనుక్కోవాలి. పొద్దుటి ఏటవాలు వెలుతురులో అరిగిపోయిన అక్షరాలు కూడా కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం అదే రాయి పలకలా ఉంటుంది. చీకటి మండపంలో అయితే టార్చిలైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి పట్టాలి. సుద్దముక్క రుద్దడం, పసుపు పూయడం కూడదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే చట్టంలో 2010 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ప్రేయసి పేరు గోడమీద గీకబోయే మిత్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

రెండు, ఉచితమైన ఈ గుడికి మనకు మనమే ఒక టిక్కెట్టు పెట్టుకోవాలి. బస్సెక్కే ప్రతి విద్యార్థీ ముందుగా లైబ్రరీలో ఒక్క ద్రాక్షారామం శాసనం చదివి రావాలి. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఎవరు చేపట్టారు – ఒక అరకాగితం మీద రాసుకుని రావాలి. తెలుగు, చరిత్ర లెక్చరర్లు ఒక సాయంత్రం కూర్చోబెట్టి పాత అక్షరాలు నేర్పితే మరీ మంచిది. నలభై మంది వెళితే నలభై శాసనాలు. తమ శాసనం ఎక్కడుందో వెతుక్కుంటూ ఆ మండపాల్లో తిరిగేవాళ్ళకు "ఇంకేముంది చూడ్డానికి" అనే తీరిక ఉండదు.

మూడు, మధ్యాహ్నం గుడి మూసిన వేళ వృథా కానివ్వకుండా బిక్కవోలు మీదుగా వెళ్ళి అక్కడి చాళుక్యుల గుళ్ళు చూసి, సాయంత్రానికి సామర్లకోట కుమారారామం చేరాలి. అక్కడి నుంచి రైలుకు వెళ్ళేవాళ్ళు రైలుకు, బస్సుకు వెళ్ళేవాళ్ళు బస్సుకు. అయిదు గుళ్ళు కాదు, ఒక్క రోజులో ఒకే కుదురుకు చెందిన మూడు చోట్లు. పోలిక తెలుస్తుంది, అలసట తగ్గుతుంది.

దీనికి ప్రభుత్వం ఉత్తర్వు అక్కరలేదు, నిధులు అక్కరలేదు. తారీకు వేసి, పేర్లు రాసుకుని, లైబ్రరీ తలుపు తట్టడమే పని. దీపానికి నెయ్యి పోస్తామని తరతరాలకూ మాట ఇచ్చిన కాపరుల పేర్లు ఆ రాళ్ళమీద ఉన్నాయి. వాళ్ళు చదువుకున్నారో లేదో మనకు తెలియదు. చదువు వచ్చిన మనం కనీసం వాళ్ళ పేర్లు చదవాలి.