అరచేతిలో ప్రాణం

ఆవు మేత ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ ఆందోళన కలుగుతుంది. ఎద్దు కుంటితే సేద్యం సాగదు. అందుచేత రైతు పనులన్నీ పక్కన పెట్టి పశువుల ఆసుపత్రికి పరుగెత్తుతాడు. అదే ఇంటి పెరట్లో, పంజరంలో పెరిగే కుందేలు రెండు పూటలు గడ్డి ముట్టకపోతే ఎవరూ కంగారుపడరు. "ఆకలి వేస్తే అదే తింటుంది" అనుకొంటారు. మూడోనాటికి అది కదలదు. పెంచిన పిల్లవాడు ఏడుస్తాడు. "ఏడవకు నాయనా, సంతలో ఇంకొకటి కొని తెస్తాను" అని తండ్రి ఓదారుస్తాడు.

ఆ తండ్రి కఠినుడు కాడు. కొడుకు కన్నీరు తుడవాలన్నదే ఆయన తాపత్రయం. కాని ఆ మాటతో పిల్లవాడు తెలియకుండానే ఒక పాఠం నేర్చుకొంటాడు. పలక పగిలితే మరో పలక వచ్చినట్లే, కుందేలు పోతే మరో కుందేలు వస్తుంది. వెల తక్కువైతే ప్రాణం విలువ కూడా తక్కువే అని. ఈ పాఠం తప్పు. ఒక ప్రాణికి వైద్యం చేయించాలా, వద్దా అన్నది దాని వెలను బట్టి నిర్ణయించేది కాదు. దాన్ని బంధించినవారి బాధ్యతను బట్టి నిర్ణయించేది.

పొలం గట్ల మీద తిరిగే చెవులపిల్లి తన మేత తానే వెదుక్కొంటుంది. ఎండ ముదిరితే పొద నీడకు చేరుతుంది. పంజరంలోని కుందేలుకు ఆ స్వేచ్ఛ లేదు. మనిషి పెట్టిందే తింటుంది, ఉంచిన చోటనే ఉంటుంది. దాని స్వేచ్ఛను తీసుకొన్నవాడు దాని కష్టసుఖాలను కూడా తీసుకొన్నట్లే. నోరు తెరిచి అడగలేని ప్రాణి విషయంలో ఈ బాధ్యత రెట్టింపవుతుంది.

చిన్న ప్రాణుల వైద్యంలో ఒక చిక్కు ఉంది. అవి తమ జబ్బును పైకి కనబడనివ్వవు. ప్రకృతిలో కుందేలునూ, చిన్న పక్షినీ వేటాడే జంతువులు అనేకం. నీరసంగా కనబడిన ప్రాణి ముందుగా వేటకు చిక్కుతుంది. కనుక ఒంట్లో బాధ ఉన్నా మామూలుగా ఉన్నట్లు కనబడడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. యజమాని కంటికి జబ్బు కనబడేసరికి అది ముదిరిపోయి ఉంటుంది. కుందేలు ఒక పూర్తి రోజు మేత మానివేస్తే దాని పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దానికి వాంతి చేసుకొనే శక్తి లేదు. దాని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలడం వల్ల అవి అరుగుతాయి. గడ్డి మాన్పించి రొట్టె ముక్కలూ, బిస్కెట్లూ పెడితే పళ్ళు అడ్డదిడ్డంగా పెరిగి నోటిని గాయపరుస్తాయి. ఆ బాధతో అది మేత మానుతుంది. ముద్దు చేస్తున్నామనుకొన్నవారే జబ్బు తెచ్చిపెట్టినవారవుతారు.

మరో ప్రమాదం ఇంటి వైద్యం. పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు తెచ్చిన మందు సీసాలో కొంత మిగిలి ఉంటుంది. "మనిషికి పనిచేసిన మందు కుందేలుకు పనిచేయదా?" అని నాలుగు చుక్కలు నోట్లో పోస్తారు. అమాక్సిసిలిన్ మనుషులకు సాధారణంగా ఇచ్చే మందే. కాని కుందేలుకు గాని, గినీపందికి గాని దాన్ని నోటి ద్వారా ఇస్తే వాటి పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, హానిచేసేవి విజృంభిస్తాయి. ఆ మందే ప్రాణం తీయవచ్చు. కుక్కల మీది గోమార్లను చంపడానికి చల్లే ఫిప్రోనిల్ మందు కూడా కుందేలుకు విషమే. పెద్ద జంతువుకు ఇచ్చే మందును కొలత తగ్గించి ఇస్తే చిన్న జంతువుకు సరిపోతుందనుకోవడం పొరపాటు. ఒక్కొక్క ప్రాణి శరీర ధర్మం ఒక్కొక్క విధం.

గినీపంది శరీరం మనిషి శరీరం వలెనే సి విటమిన్‌ను తయారు చేసుకోలేదు. రోజూ కొత్తిమీర, కాప్సికం వంటివి అందకపోతే దాని కీళ్ళు వాచి, నడవలేకపోతుంది. లవ్ బర్డ్స్ అని సంతల్లో అమ్మే చిన్న పక్షులలో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా దేశపు బడ్జెరిగార్లు. వాటి బరువు ముప్పై, నలభై గ్రాములే. అందులో నాలుగు గ్రాములు తగ్గినా పదోవంతు తగ్గినట్లు. ఈకల చాటున ఆ తగ్గుదల కంటికి కనబడదు, త్రాసులోనే తెలుస్తుంది. ఎప్పుడూ కొర్రలు మాత్రమే తినే పక్షికి ఎ విటమిన్ చాలదు. వంటింట్లో అంటుకోని పూత ఉన్న పెనం మాడితే వచ్చే పొగకు మనుషులు తట్టుకొన్నా, పంజరంలోని పక్షి నిమిషాలలో చనిపోవచ్చు. ఎండ తగలని తొట్టెలో, సున్నపు పదార్థం చాలని మేతతో పెరిగే తాబేలు డిప్ప మెత్తబడుతుంది. ఇవన్నీ తెలిస్తే తప్పించగల బాధలే.

మరి తెలిపేవారెవరు? దేశంలో పశువైద్య విద్య ప్రధానంగా పాడిపశువులూ, సేద్యపు ఎడ్లూ, గుర్రాల అవసరాల కోసం పెరిగింది. బొంబాయిలో 1886లోనూ, మద్రాసులో 1903లోనూ, బెంగుళూరులోని హెబ్బాళలో 1958లోనూ పశువైద్య కళాశాలలు వెలిశాయి. అవి చేసిన మేలు అపారం. పశువుల మందలను తుడిచిపెట్టిన ముసర వ్యాధి నుండి 2006లో భారతదేశం విముక్తి పొందింది. 2011 నాటికి ప్రపంచమే విముక్తి పొందింది. కాని కుందేలుకూ, పక్షికీ, తాబేలుకూ వైద్యం చేయడంలో ప్రత్యేక అనుభవం గల వైద్యులు నేటికీ ఎక్కువగా పెద్ద నగరాలలోనే దొరుకుతారు. హోసూరులో గాని, బళ్ళారిలో గాని, బరంపురంలో గాని చిన్న పక్షి జబ్బుపడితే యజమాని ఎక్కడికి పోవాలో తోచక తికమకపడతాడు.

"పాడిగేదెలకే వైద్యుడు సమయానికి దొరకని పల్లెలు ఉండగా, పంజరంలో చిలుకల కోసం వైద్యులా?" అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. పేదవాడి గేదె వైద్యాన్ని ఆపి కుందేలుకు వైద్యం చేయమని ఎవరూ కోరరు. ఇప్పటికే ఉన్న వైద్యులలో జిల్లాకు ఒకరిద్దరికైనా చిన్న ప్రాణుల చికిత్సలో శిక్షణ ఇచ్చి, వారానికి ఒక పూట దానికి కేటాయిస్తే చాలు. దానివల్ల గేదెకు కలిగే నష్టం లేదు. కుందేలుకు కలిగే లాభం ఎంతో ఉంది.

"మనుషుల మందులకే డబ్బు చాలడం లేదు; రెండు వందల కుందేలుకు వెయ్యి రూపాయల ఖర్చా?" అన్నది ఇంకొక ప్రశ్న. దీనికి సమాధానం కొనకముందే చెప్పుకోవాలి. సరైన మేత, శుభ్రమైన నీరు, నీడ, సమయానికి గమనింపు ఉంటే చాలా జబ్బులు రానే రావు. వీటికి పెద్ద ఖర్చు లేదు. ఆ తరువాత కూడా వచ్చే జబ్బుకు వైద్యం చేయించే శక్తి లేనివారు ఆ ప్రాణిని కొనకుండా ఉండడమే మంచిది. పెంచడం దయ అయితే, పెంచలేనప్పుడు పెంచకపోవడం కూడా దయే.

జబ్బు చేసిన దాన్నో, పెద్దదైపోయిన దాన్నో బయట వదిలివేయడం దయ కాదు. చెవుల వద్ద ఎర్రచార గల అమెరికా తాబేలును రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు అమ్ముతారు. అది జానెడుకు మించి పెరుగుతుంది, ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతుంది. విసిగిన యజమాని దాన్ని చెరువులో వదిలితే, అక్కడి దేశవాళీ తాబేళ్ళ మేతకూ, చోటుకూ పోటీ వస్తుంది. ఒకరి నిర్లక్ష్యానికి చెరువంతా మూల్యం చెల్లిస్తుంది.

చట్టం కూడా ఈ బాధ్యతను గుర్తించింది. జంతుహింస నివారణకై 1960లో చేసిన చట్టం ప్రకారం, ఒక జంతువు ఎవరి అధీనంలో ఉంటే వారే దాని క్షేమానికి తగిన ఏర్పాట్లు చేయాలి. ప్రాణులపట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. రామచిలుకను, నక్షత్ర తాబేలును పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అయినా ఎన్నో ఇళ్ళ వసారాలలో రామచిలుకలు పంజరాలలో ఉంటున్నాయి. చట్టానికి భయపడి వాటిని వైద్యుని వద్దకు కూడా తీసుకుపోరు. పట్టి బంధించడం ఒక తప్పు, జబ్బుపడితే దాచడం రెండో తప్పు. అటువంటి పక్షిని అటవీశాఖకు అప్పగించడమే దానికి చేయగల మేలు. గ్రే పారట్ వంటి కొన్ని విదేశీ జాతులను పెంచేవారు 2024లో వచ్చిన నియమాల ప్రకారం వాటి వివరాలు నమోదు చేయించాలి.

సంతలో బుట్ట ముందు నిలబడిన పిల్లలు సాధారణంగా "ఇది ఎంత?" అని అడుగుతారు. దానికి ముందు అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఇది ఏమి తింటుంది? ఎన్నేళ్ళు బతుకుతుంది? దీన్ని పెంచడానికి చట్టం ఒప్పుకొంటుందా? జబ్బు చేస్తే చూసే వైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడు? ఈ నాలుగింటికీ సమాధానం దొరికిన తరువాతనే వెల అడగాలి. ఇంటికి తెచ్చిన తరువాత వారానికి ఒకసారి తూచి, బరువు ఒక పుస్తకంలో రాసుకోవాలి. మేత తగ్గిన రోజే వైద్యుణ్ణి కలవాలి. సొంత వైద్యం చేయరాదు.

అరచేతిలో ఇమిడే ప్రాణి గుండె కూడా కొట్టుకొంటూనే ఉంటుంది. దానికీ ఆకలి, నొప్పి, భయం ఉన్నాయి. చనిపోయిన కుందేలు స్థానంలో మరొకటి కొనిచ్చే తండ్రి కంటే, మేత మానిన పూటనే దాన్ని వైద్యుని వద్దకు తీసుకుపోయే తండ్రి బిడ్డకు మేలైన పాఠం నేర్పుతాడు. ఆ పాఠం నేర్చిన బిడ్డ రేపు తనకన్నా బలహీనులైన మనుషుల బాధను కూడా చిన్నదిగా చూడడు.