పెట్టె తెరిస్తే కారుండదు!

1950ల్లో అమెరికా మాట. కొత్త కారు కొందామని షోరూముకి వెళ్లిన తండ్రి వెంట పిల్లాడు కూడా ఉంటే డీలరు పని సగం తేలికైపోయేది. సొరుగులోంచి జానెడు పొడవున్న బుల్లి కారొకటి తీసి పిల్లాడి చేతిలో పెట్టేవాడు. అది మామూలు బొమ్మ కాదు. షోరూములో నిలబెట్టిన కారుకి అచ్చుగుద్దినట్టుండే నమూనా. బంపరు, గ్రిల్లు, కిటికీ అంచులు... అన్నీ కొలత ప్రకారమే. రంగు కూడా ఆ ఏడాది కంపెనీ అమ్ముతున్న రంగే. ఇక ఇంటికెళ్లాక ఆ పిల్లాడు ఊరుకుంటాడా! 'ఆ కారే కొందాం నాన్నా' అని రోజూ పోరు పెట్టేవాడు.

అలాంటి బుల్లికార్లు చేసిన కంపెనీల్లో ఒకటి ఏఎంటీ. డెట్రాయిట్‌లో వెస్ట్ గాలోగ్లీ అనే లాయరు 1948లో దాన్ని మొదలుపెట్టాడు. పూర్తిపేరు అల్యూమినియం మోడల్ టాయ్స్. మొదట్లో కార్లను అల్యూమినియంతోనే పోతపోసేవారు. తర్వాత ప్లాస్టిక్‌కి మారినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1958లో ఆ కంపెనీకి ఓ కొత్త ఆలోచన వచ్చింది. తయారైన కారు ఇచ్చే బదులు ముక్కలుగానే పెట్టెలో పెట్టి అమ్మితే? కారు తయారుచేసే పనేదో పిల్లాడికే అప్పగిస్తే? ఆ ఆలోచన అమెరికా మగపిల్లల ఒక తరం సాయంత్రాలను మార్చేసింది.

ఒక్క పెట్టె... మూడు కార్లు

ఆ కిట్ల మీద 'త్రీ ఇన్ వన్' అని రాసుండేది. పెట్టె ఒకటే, కారు ఒకటే. కానీ మూడు రకాలుగా చేసుకోవచ్చు. షోరూములో ఉన్నట్టు ఉన్నదున్నట్టుగా ఒకటి. చక్రాలు, బంపర్లు మార్చి సొగసులు దిద్దిన కారు ఒకటి. పందెం కారు ఇంకొకటి. మూడింటికీ కావలసిన విడిభాగాలన్నీ అందులోనే ఉండేవి.

వినడానికి ఇది అమ్మకాల కిటుకులా ఉంటుంది. కానీ పదేళ్ల పిల్లాడికి అదొక పరీక్ష. పెట్టె మీద బొమ్మలు మూడు, చేతిలో కారు ఒకటే. ఏది చేయాలో తనే తేల్చుకోవాలి. జిగురు ఆరిందంటే వెనక్కి తీసుకోవడం కుదరదు. మిగిలిపోయిన ముక్కల్ని పారేయకుండా ఓ డబ్బాలో దాచుకుంటే వచ్చే కారుకి పనికొస్తాయి. అలా నాలుగైదు కిట్లు పూర్తయ్యేసరికి డబ్బా నిండేది. అప్పుడు మొదలయ్యేది అసలు ఆట. ఒక కారు ఇంజిను ఇంకో కారులోకి, మరోదాని చక్రాలు దీనికి... కంపెనీ ఊహించని నాలుగో కారు తయారయ్యేది. దాన్నే ఈ హాబీవాళ్లు కిట్‌బ్యాషింగ్ అంటారు.

నిజం కార్లను మార్చి పేరు తెచ్చుకున్నవాళ్లు కూడా ఈ బుల్లికార్ల వైపు వచ్చారు. 1966 నాటి టీవీ సీరియల్ కోసం బ్యాట్‌మొబైల్ తయారుచేసిన జార్జ్ బారిస్ ఏఎంటీకి సలహాదారుగా పనిచేశాడు. వింత కార్ల ఎడ్ రోత్ రెవెల్ కంపెనీతో చేతులు కలిపాడు. చిత్రమేంటంటే ఒకసారి కథ తిరగబడింది కూడా. టామ్ డేనియల్ గీసిన రెడ్ బ్యారన్‌ని మోనోగ్రామ్ కంపెనీ 1968లో కిట్‌గా తెచ్చింది. కారు కప్పు స్థానంలో పాతకాలం జర్మన్ సైనికుడి శిరస్త్రాణం! అది పిల్లలకు ఎంత నచ్చిందంటే... ఆ బొమ్మను చూసి తర్వాత నిజం కారునే తయారుచేశారు. కారుని చూసి బొమ్మ చేయడం మామూలే. బొమ్మను చూసి కారు చేయడమే విశేషం.

అచ్చులో ఉంది కిటుకు

ఈ కిట్లలో వాడేది పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. గింజల్లాంటి ముడిసరుకుని కరిగించి, రెండు ఉక్కు పలకల మధ్య చెక్కిన అచ్చులోకి గట్టి ఒత్తిడితో పంపిస్తారు. చల్లారాక అచ్చు విప్పితే ముక్కలన్నీ సన్నని కాడలతో ఒక చట్రానికి వేలాడుతూ వస్తాయి, తీగకు కాయలున్నట్టు. తళతళలాడే బంపర్లకు వేరే పద్ధతి. గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి వాటిమీద పలుచటి పూతగా పట్టిస్తారు.

దీనికి వాడే జిగురూ మామూలుది కాదు. కాగితాల జిగురు రెండు ముక్కల మధ్య పొరలా ఉండి పట్టుకుంటుంది. ప్లాస్టిక్ కిట్ల జిగురు రెండు అంచుల్నీ కొద్దిగా కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. ఒకరకంగా వెల్డింగే. అందుకే ఎక్కువైతే బొమ్మే కరుగుతుంది. వేలిముద్ర పడితే అలాగే ఉండిపోతుంది.

ఇక కొలతలు. అమెరికా కార్ల కిట్లు ఎక్కువగా 25వ వంతు, జపాన్, యూరప్ కిట్లు 24వ వంతు సైజులో ఉంటాయి. అయిదు మీటర్ల కారు 25వ వంతులో 20 సెంటీమీటర్లకు వస్తుంది. ఈ లెక్కలోనే అసలు కష్టమంతా ఉంది. బుల్లికారు తలుపు దగ్గర ఒక మిల్లీమీటరు సందు మిగిలిందంటే, నిజం కారులో రెండున్నర సెంటీమీటర్ల సందు ఉన్నట్టు! అంత సందుతో కారు ఎవరైనా కొంటారా? రంగు దట్టంగా పూస్తే తలుపు గీతలు పూడిపోతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు ఒక్కసారి దిట్టంగా వేయరు. పలచగా, పొర మీద పొర వేస్తారు.

అచ్చుల వెనక ఓ విషాదమూ ఉంది. అమెరికాలో ఏటా కారు రూపం మారేది. బుల్లికారూ మారాలి కదా! కొత్త అచ్చు చేయిస్తే ఖర్చు. అందుకని పాత అచ్చునే చెక్కి, కొత్త ఏడాది కారుగా మార్చేసేవారు. అలా మార్చాక పాత ఏడాది కారుని మళ్లీ తీయడం అసాధ్యం. అప్పట్లో ఒకటిన్నర డాలరుకు అటూఇటూగా దొరికిన కొన్ని కిట్లు ఇప్పుడు తెరవని పెట్టెతో కనిపిస్తే సేకరించేవాళ్లు ఎగబడేది అందుకే. ఈమధ్య కొన్ని కంపెనీలు పాత నమూనాలను కంప్యూటర్‌తో స్కాన్ చేసి కొత్త అచ్చులు పోయిస్తున్నాయి. పోయిందనుకున్న కారు అలా తిరిగొస్తోంది.

కలప కొట్టు నుంచి...

ఈ హాబీలో జపాన్ పేరు చెబితే గుర్తొచ్చేది తామియా. షిజుఒకా పట్టణంలో 1946లో అది కలప వ్యాపారంగా మొదలైంది. తర్వాత చెక్క నమూనాల తయారీకి మళ్లింది. విదేశీ ప్లాస్టిక్ కిట్లు వచ్చి చెక్క బొమ్మల్ని ఎవరూ అడగకపోయేసరికి 1960లో తనూ ప్లాస్టిక్ బాట పట్టింది. మొదట తెచ్చిన యమాటో యుద్ధనౌక నష్టాలే మిగిల్చింది. మరుసటేడాది మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్‌తో కంపెనీ నిలదొక్కుకుంది.

ఆ కంపెనీని ప్రపంచానికి తెలిసేలా చేసిన షున్‌సాకు తామియాకు పని విషయంలో రాజీ తెలియదు. 1976లో వచ్చిన పోర్షె 934 కిట్ కోసం ఆయన ఏకంగా పోర్షె 911 కారు కొని, విప్పదీయించి మరీ చూశారు. బుల్లికారు కోసం అసలు కారుని ముక్కలు చేయించిన మనిషి! 2025 జులైలో, 90 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

లారీ అంటే మాటలా!

కార్లు చేయి తిరిగాక చాలామంది లారీల వైపు చూస్తారు. 1970ల్లో అమెరికాలో ట్రక్కు డ్రైవర్ల మీద పాటలు, సినిమాలు, సీరియళ్లు జోరుగా వచ్చాయి. పీటర్‌బిల్ట్, కెన్‌వర్త్ లారీలను ఏఎంటీ కిట్లుగా తెచ్చింది. ముందుభాగం ఒక్కటే పాతిక ముప్ఫై సెంటీమీటర్లుంటుంది. వెనక ట్రైలరు కూడా తగిలిస్తే ఇంట్లో అలమరా చాలదు!

లారీలో అంతా ఛాసిస్‌తోనే ఉంది. కారుకైతే బాడీ అందంగా కప్పేస్తుంది. లారీకి ఇరుసులు, కమ్మీలు, గాలి ట్యాంకులు, డీజిల్ ట్యాంకులు... అన్నీ బయటికే కనిపిస్తాయి. పొడవాటి రెండు పట్టాలను అతికించేటప్పుడు వెంట్రుకవాసి మెలిక తిరిగినా చివర్లో ఒక చక్రం గాల్లో తేలుతుంది. అప్పుడు ఏం చేసినా దిగదు. అందుకే పట్టాలను అద్దం పలక మీద పెట్టి, మూలమట్టం చూసుకుని, జిగురు పూర్తిగా ఆరేవరకు ఆగుతారు. తొందరపడేవాడికి లారీ లొంగదు.

ఇక నచ్చినట్టు మార్చుకునేవాళ్ల పద్ధతులు మెకానిక్ షెడ్డును గుర్తుచేస్తాయి. కారు కప్పుని కోసి, స్తంభాలు కురచ చేసి మళ్లీ అతికిస్తారు. తలుపు పిడులు తీసేసి లప్పం పెట్టి, నీళ్లతో తడిపిన ఎమరీ కాగితంతో నునుపు చేస్తారు. చట్రంలో మిగిలిన ప్లాస్టిక్ కాడని కొవ్వొత్తి సెగకి దూరంగా తిప్పి, మెత్తబడగానే నెమ్మదిగా లాగితే దారమంత సన్నని తీగ వస్తుంది. అది రేడియో ఏరియల్‌గా పనికొస్తుంది. రంగు సుద్దముక్కల పొడి అద్దితే లారీ మీద దారి దుమ్ము. ఎర్రమట్టి రంగు అక్కడక్కడ తగిలిస్తే తుప్పు. కొత్త కారులా మెరిపించడం కన్నా, పదేళ్లు రోడ్డు మీద తిరిగిన లారీలా చూపించడమే కష్టం. తుప్పు ఎక్కడపడితే అక్కడ పట్టదు. నీళ్లు నిలిచేచోట, పెయింటు లేచినచోట పడుతుంది. అది తెలియాలంటే రోడ్డు మీద లారీని కళ్లు విప్పి చూడాలి.

ఆడుకుంటూనే...

ఈ పనితో ఏమొస్తుందని పెద్దవాళ్లు అడగడం సహజమే. జనరల్ మోటార్స్‌కి చెందిన ఫిషర్ బాడీ సంస్థ 1930 నుంచి 1968 వరకు పిల్లలకు నమూనాల పోటీలు పెట్టింది. సొంతంగా ఊహించిన కారుని 12వ వంతు సైజులో చెక్క, ప్లాస్టర్ లాంటివాటితో చేసి పంపాలి. గెలిస్తే చదువుకు స్కాలర్‌షిప్. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ తర్వాత జనరల్ మోటార్స్‌లోనే చేరి, 1986లో ఆ సంస్థ డిజైన్ విభాగానికి అధిపతి అయ్యాడు.

సినిమావాళ్లకూ ఈ విద్య కలిసొచ్చింది. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌లో ప్రేక్షకుల్ని అబ్బురపరిచిన అంతరిక్ష నౌకల ఒంటినిండా అతికించినవి దుకాణంలో కొన్న ట్యాంకుల, కార్ల కిట్ల ముక్కలే!

అయితే నాణేనికి రెండోవైపూ ఉంది. 1960ల్లో అమెరికాలో కొందరు పిల్లలు ఈ జిగురు వాసన పీల్చి మత్తుకి అలవాటుపడ్డారు. అందులోని టోల్యూన్ మెదడుని దెబ్బతీస్తుంది, ప్రాణాలకే ముప్పు. 1969లో టెస్టర్స్ కంపెనీ తమ జిగురులో ఆవాలకు ఘాటునిచ్చే రసాయనాన్ని కలిపింది. పీలిస్తే ముక్కు మండిపోవాలని! కాబట్టి పిల్లాడు బుద్ధిగా గదిలో కూర్చుని ఏదో చేసుకుంటున్నాడులే అని తలుపేసి వదిలేయడం మంచిది కాదు. కిటికీలు తెరిచి ఉంచాలి. జిగురు, స్ప్రే పెయింటు పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. బ్లేడు, కొవ్వొత్తి పనులు పెద్దవాళ్లు పక్కనుండగానే జరగాలి. చిన్న ముక్కలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే వాళ్లకు అందకుండా చూసుకోవాలి.

మొదటిసారి కొనేవాళ్లు...

మన దగ్గర ఈ కిట్లు ఎక్కువగా విదేశాల నుంచి వచ్చేవే. పెద్ద నగరాల్లోని హాబీ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ధర ఎక్కువనిపిస్తే తొందరేం లేదు. బజార్లో దొరికే ప్లాస్టిక్ అంబాసిడర్‌నో లారీనో తెచ్చి, విప్పి, రంగులు మార్చి మొదలుపెట్టవచ్చు. లారీ ముందు పేరు, వెనక 'హారన్ ప్లీజ్', పక్కన పూలతీగలు... దిద్దాలే కానీ పని బోలెడు.

కిట్ కొనేటట్టయితే జిగురు అక్కర్లేకుండా నొక్కితే బిగిసే స్నాప్ కిట్ మొదలుపెట్టడానికి మేలు. పనిముట్లుగా నెయిల్ కట్టరు, సన్న ఆకురాయి, ఎమరీ కాగితం, పట్టకారు చాలు. ముక్కల్ని చేత్తో తుంచకూడదు, కత్తిరించాలి. అన్ని ముక్కల్నీ ఒకేసారి ఊడదీయకూడదు. ఏ నంబరు ముక్క ఏదో తర్వాత తెలియదు. జిగురు పెట్టేముందు ఉత్తినే ఒకసారి ఆనించి చూసుకోవాలి. రంగు వేసేముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యం, పెద్దవాళ్లు ముక్కలు లాక్కుని 'నువ్వుండు, నే చేసిస్తా' అనకపోవడం. మొదటి కారుకి చక్రం వంకరగానే ఉంటుంది, కిటికీ అద్దం మీద వేలిముద్ర పడే ఉంటుంది. ఉండనివ్వండి. దానిమీద అడుగున తేదీ రాసి అలమరాలో పెట్టించండి. పదో కారు దాని పక్కన చేరిన రోజున తనెంత నేర్చుకున్నాడో పిల్లాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.