సగటు తగ్గితే భారం తగ్గినట్టేనా?

న్యూఢిల్లీ: జీఎస్టీ ఆరంభంలో 14.4 శాతంగా ఉన్న సగటు పన్ను రేటు 2019 నాటికి 11.6 శాతానికి దిగివచ్చిందని రిజర్వ్ బ్యాంకు అంచనా వేసింది. ఎవరికి ఎంత తగ్గిందన్నది మాత్రం ఈ అంకె చెప్పదు.

ఈ సగటు మనుషులను లెక్కించదు, రూపాయలను లెక్కిస్తుంది. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామాల్లో అట్టడుగు 5 శాతం ప్రజల తలసరి నెలవారీ వ్యయం రూ.1,677. పట్టణాల్లో పైస్థాయి 5 శాతం వారిది రూ.20,310. ఒక పట్టణ సంపన్నుడి కొనుగోళ్లకు పన్నెండు మంది గ్రామీణ పేదల కొనుగోళ్లంత బరువు ఉంటుందన్నమాట.

ఆదాయంతో పోలిస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. నెలకు రూ.15,000 వచ్చే కుటుంబం మొత్తం ఖర్చు చేస్తుందని, రూ.1.5 లక్షలు వచ్చే కుటుంబం సగం మిగుల్చుకుంటుందని అనుకుందాం. ఇద్దరి ఖర్చులోనూ 10 శాతం పన్నుగా పోయినా, ఆదాయంలో మొదటి కుటుంబం చెల్లించేది 10 శాతం, రెండోది 5 శాతమే. రెండింటినీ కలిపి లెక్కిస్తే వచ్చే సగటు దాదాపు 5.5 శాతం. పేద కుటుంబం మోసే భారం అందులో కనిపించదు.

విడిగా అమ్మే బియ్యం, పప్పులు, తాజా కూరగాయలపై పన్ను లేకపోవడం పేదలకు ఊరటే. అది ఎంతమేరకన్నదీ సగటు చెప్పలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ బిస్కెట్లపై 18 నుంచి 5 శాతానికి, చిన్న కార్లపై 28 నుంచి 18 శాతానికి తగ్గింది. రెండూ సగటును దించేవే. కారు కొనే ఇంటికి, బిస్కెట్ ప్యాకెట్‌తో సరిపెట్టుకునే ఇంటికి మిగిలిందెంతో తేలాలంటే, వ్యయ సర్వేలోని ఒక్కో వర్గం చెల్లించే పన్నును విడివిడిగా లెక్కగట్టాల్సిందే.